663399: ఒక ఊదా రంగు, ఒక పాప పేరు

ఈ ఎపిసోడ్‌లో టాపిక్ ఒక్కటే, ఒక రంగు. నా వెనక కనిపిస్తున్న ఈ ముదురు ఊదా రంగు చూడండి. మా అమ్మని అడిగితే వంకాయ రంగు అంది. నాన్న నేరేడు పండు రంగు అన్నారు. బట్టల షాపులో అయితే "పర్పుల్ సార్" అని తేల్చేస్తారు. కంప్యూటర్‌కి మాత్రం ఇది 663399. వెబ్ పేజీల కోడ్‌లో దీనికి ఒక పేరు కూడా ఉంది. రెబెక్కాపర్పుల్.

ఈ పేరు మీద నేనొకసారి జోకు వేశాను. అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

బీటెక్ అయిపోయి ఉద్యోగంలో చేరిన కొత్త. ఒక పేజీలో బటన్ రంగు మార్చమన్నారు. సీఎస్ఎస్ ఫైల్ తెరిచి, కలర్ అని కొట్టి, 'ఆర్' అక్షరం నొక్కగానే ఎడిటర్ ఒక లిస్టు చూపించింది. రెడ్, రాయల్‌బ్లూ, రోజీబ్రౌన్... మధ్యలో రెబెక్కాపర్పుల్. "ఎవడో గర్ల్‌ఫ్రెండ్ పేరు రంగుకి పెట్టేశాడ్రా" అని గట్టిగా అన్నాను. పక్క సీట్ల వాళ్లు నవ్వారు. మా సీనియర్ ఒకాయన మాత్రం నవ్వలేదు. "ఆ పేరు ఎవరిదో ఒకసారి చదువు బాబూ" అన్నారు, అంతే. లంచ్ టైమ్‌లో చదివాను. ఆ మధ్యాహ్నమంతా ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

ఆ కథ చెప్పే ముందు ఊదా రంగు పాత కథ కాస్త చెప్తాను. రెండూ పక్కపక్కన పెడితేనే తేడా తెలుస్తుంది.

పూర్వం ఈ రంగుకి పేరు మోసిన ఊరు టైర్. ఇప్పటి లెబనాన్‌లో, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉంది. అక్కడ సముద్రపు నత్తల్లో ఉండే ఒక చిన్న గ్రంథి నుంచి రంగు తీసేవాళ్లు. ఎంత వచ్చేదో తెలుసా? 1909లో పాల్ ఫ్రీడ్‌లాండర్ అనే జర్మన్ కెమిస్ట్ 12,000 నత్తల నుంచి తీస్తే చేతికొచ్చింది 1.4 గ్రాములు! మరి ధర ఎలా ఉంటుంది? క్రీ.శ. 301లో రోమ్ చక్రవర్తి డయోక్లీషియన్ ఇచ్చిన ధరల శాసనంలో, ఈ రంగు వేసిన పట్టు ఒక్క పౌను 1,50,000 డినారీలు. అంటే ఊదా రంగు మామూలు మనిషికి చెప్పే మాట ఒకటే, "ఇది నీది కాదు."

1856లో ఆ లెక్క మారింది. లండన్‌లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ల కుర్రాడు మలేరియా మందు క్వినైన్ తయారు చేయబోయాడు. అది రాలేదు గానీ ఊదా రంగు వచ్చింది. దాన్నే మావ్ అన్నారు. ఫ్యాక్టరీలో తయారవడం మొదలయ్యాక ఊదా రంగు మామూలు జనం ఒంటి మీదికి కూడా వచ్చింది.

ఇక్కడ పేర్లు గమనించండి. నత్తల రంగుకి ఊరి పేరు. మావ్ అంటే ఫ్రెంచి భాషలో ఒక పువ్వు పేరు. మరి ఈ రెబెక్కా ఎవరు?

ఎరిక్ మేయర్ అని అమెరికాలో ఒకాయన ఉన్నారు. సీఎస్ఎస్‌ని ప్రపంచానికి నేర్పినవాళ్లలో ముందు వరసలో ఉండే మనిషి. ఆయన పుస్తకమో, ఆయన రాసిన రీసెట్ ఫైలో తగలకుండా ఈ పని నేర్చుకున్నవాళ్లు తక్కువ. రెబెక్కా ఆయన కూతురు. మెదడులో కణితి వచ్చింది. 2014 జూన్ 7న, సరిగ్గా తన ఆరో పుట్టినరోజు నాడు, ఆ పాప చనిపోయింది.

పాపకి ఇష్టమైన రంగు ఊదా. అంత్యక్రియల రోజున ఎక్కడెక్కడి వెబ్ డెవలపర్లో ట్విటర్‌లో 663399 పక్కన ఆ పాప పేరు పెట్టి పోస్టు చేశారు. తర్వాత సీఎస్ఎస్ ప్రమాణాలు నిర్ణయించే వర్కింగ్ గ్రూప్‌లో, ఈ రంగుకి అధికారికంగా ఆమె పేరు పెడదామన్న ప్రతిపాదన వచ్చింది. మొదట అనుకున్న పేరు బెక్కాపర్పుల్. ఇంట్లో అందరూ ఆ పాపని బెక్కా అనేవాళ్లు మరి.

తండ్రి సరే అన్నారు, కానీ ఒక్క మార్పు అడిగారు. బెక్కా అనేది చిన్నపిల్లల పేరు, నాకు ఆరేళ్లు వచ్చాక అందరూ రెబెక్కా అనే పిలవాలి అని ఆ పాప ముందే చెప్పిందట. ఆరేళ్లు వచ్చాయి. దాదాపు పన్నెండు గంటలు తను ఆరేళ్ల పిల్ల. కాబట్టి పేరు రెబెక్కాయే ఉండాలన్నారు. అలాగే పెట్టారు. అప్పటిదాకా సీఎస్ఎస్‌లో 147 రంగుల పేర్లు ఉండేవి, ఇది 148వది. ఆ ఏడాదే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలోకి వచ్చేసింది.

నాకు ఆ కథలో పట్టేసింది ఈ పేరు మార్పే. మా అక్క కూతురు ఒకటో క్లాసులో చేరిన రోజు నాకు ఫోన్ చేసి, "మామయ్యా, నేను పెద్ద స్కూల్‌కి వచ్చేశా, ఇంక నన్ను బుజ్జమ్మ అనొద్దు" అంది. నేను నవ్వేసి, "సరే బుజ్జమ్మా" అన్నాను. టక్కున ఫోన్ పెట్టేసింది. పిల్లలకి అది ఆట కాదండీ, చాలా సీరియస్ విషయం. ఒక తండ్రి అంత దుఃఖంలో కూడా ఆ మాట మర్చిపోలేదు.

సరే, ఇప్పుడు డిజైన్ సంగతి. ఈ రంగులో ఎరుపు 102, ఆకుపచ్చ 51, నీలం 153 పాళ్లు ఉంటాయి. దీని మీద తెల్ల అక్షరాలు పెడితే కాంట్రాస్ట్ దాదాపు 8.4కి 1. మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5 ఉండాలన్నది నియమం, కఠినమైన స్థాయికి 7. రెండూ సులువుగా దాటేస్తుంది. బటన్లకీ, హెడ్డింగులకీ హాయిగా వాడొచ్చు.

మూడు జాగ్రత్తలు చెప్తాను. ఒకటి, నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద కాంట్రాస్ట్ 2.5కి పడిపోతుంది, చదవలేరు. డార్క్ మోడ్‌లో హెచ్ఎస్ఎల్ లెక్కలో లైట్‌నెస్ 40 శాతం నుంచి 70 దగ్గరికి పెంచండి. రెండు, లింకులకి ఈ రంగు వద్దు. బ్రౌజర్ మామూలుగా ఆల్రెడీ నొక్కిన లింకులకే ఊదా రంగు ఇస్తుంది, జనం పొరబడతారు. మూడు, చార్టుల్లో నీలం, ఊదా పక్కపక్కన పెట్టి తేడా చూపించకండి. ఎరుపు సరిగా కనపడనివాళ్లకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రంగుతో పాటు పేరు కూడా రాయండి.

అన్నట్టు, 2024లో సీఎస్ఎస్‌కి వచ్చిన కొత్త లోగో రంగు కూడా ఇదే.

చివరగా అసలు పాఠం. అదే 2014 డిసెంబరులో మేయర్ ఫేస్‌బుక్ తెరిస్తే, 'మీ ఏడాది ఇలా గడిచింది' అన్న ఫీచర్ ఆయన ముందు ఆ పాప ఫొటో పెట్టింది. చుట్టూ బెలూన్లు, డాన్స్ చేసే బొమ్మలు. ఆయన అడగలేదు కూడా. ఎవరూ కావాలని చేసింది కాదని, కోడ్ తన పని తాను చేసుకుపోయిందని ఆయనే రాశారు. చూపించే ముందు చూస్తారా అని అడగండి, అడక్కుండా ఫొటో పెట్టేయకండి అన్నారు. తర్వాత 2016లో సారా వాక్టర్-బోట్చర్‌తో కలిసి ఇలాంటి విషయాల మీదే డిజైన్ ఫర్ రియల్ లైఫ్ అనే పుస్తకం రాశారు.

అప్పటి నుంచి నేను 'కంగ్రాట్స్' అని ఒక పాప్-అప్ రాసినా, ఇది ఏ ఇంట్లో ఎవరి ముందు తెరుచుకుంటుందో అని ఒక్క క్షణం ఆగుతున్నాను. మీ ఎడిటర్ లిస్టులో ఆ పేరు కనిపించి పక్కవాళ్లు ఎవరైనా నవ్వితే, మా సీనియర్ నాకు చెప్పినట్టే నెమ్మదిగా చెప్పండి.

అన్నట్టు, మా మేనకోడల్ని ఇప్పుడు అసలు పేరుతోనే పిలుస్తున్నాను. ఫోన్ పెట్టేయడం మానేసింది. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.