చప్పుడున్న తరగతి గది



కృత్యాధార బోధన మాట ఎత్తగానే టీచర్లమైన మన ముఖాలు వాడిపోతాయి. అది చూసి ‘టీచర్లకు కొత్తదంటే గిట్టదు’ అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. ఆ పద్ధతి మన దగ్గరికి వచ్చిన తీరే మనకు మింగుడుపడలేదు.

నిజానికి ఇది కొత్తదీ కాదు. 1980ల్లో బ్రిటన్ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక విద్యా పథకం, మనమందరం ఎరిగిన ఏపీపీఈపీ, మొదలైంది. చేస్తూ నేర్చుకోవడం, జట్టు పని, చుట్టుపక్కల పరిసరాలను వాడుకోవడం, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, వాళ్లు చేసినవి గోడకు పెట్టడం దాని సూత్రాల్లోవే. వాటిని మనం పరీక్షల కోసం బట్టీపట్టాం. శిక్షణలోనూ రోజంతా కూర్చుని విన్నాం, రాసుకున్నాం. తనిఖీకి వచ్చినవాళ్ల కంటికి ఆనేది గోడ ఒక్కటే కాబట్టి చార్టులు పెరిగాయి. ఏ పిల్ల ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టే కష్టమైన పని వెనకబడింది.

ఇక చప్పుడు. పిల్లలు జట్లుగా కూర్చుంటే మాట్లాడతారు, పోట్లాడుకుంటారు, లేచి తిరుగుతారు. వరండాలో వెళ్లే హెడ్మాస్టరుకు, గేటు దగ్గర నిలబడ్డ తల్లికి ఆ గదిలో అదుపు లేదనిపిస్తుంది. ఐదు తరగతులకూ ఒక్కరే టీచరైతే ఆ భయం ఎంతటిదో మీకు నేను చెప్పక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్పమంది, పిల్లల భయం పోగొట్టమంది. టీచరు భయం పోగొట్టాల్సింది మాత్రం మనమే, ఒకరికొకరం.

మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం ఒక్క టీచరే అన్ని తరగతులూ చూసుకోవాల్సిన ఈ చిక్కు మీదే పనిచేసింది. అక్కడ పద్మనాభరావు, రమ దంపతులు పాఠాలను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి కార్డుల మీదికి ఎక్కించారు. పిల్లవాడు తానున్న మెట్టు చూసుకుని తన కార్డు తానే తీసుకుంటాడు. దాంతో టీచరుకు ఆగిపోయిన జట్టు పక్కన కూర్చునే తీరిక దొరుకుతుంది. చెన్నై కార్పొరేషన్ బడుల టీచర్లు వచ్చి దాన్ని కళ్లారా చూసి వెళ్లారు. ఆ తర్వాతే అది తమిళనాడు ప్రభుత్వ బడుల్లోకి పాకింది.

ఆ చూడటమే కీలకం. థామస్ గస్కీ అనే అమెరికన్ విద్యావేత్త 1986లో ఈ సంగతే రాశారు: తన పిల్లలకు చదువు వస్తోందని తన గదిలో చూశాకే టీచరుకు కొత్త పద్ధతి మీద గురి కుదురుతుందని. మనం ముందు నమ్మమంటున్నాం, తర్వాత చేయమంటున్నాం. అది తలకిందుల వరస.

అందుకని వచ్చే నెల మన స్కూల్ కాంప్లెక్స్ సమావేశం మా బడిలో పెట్టుకుందాం. మూడో తరగతికి నేను తీసివేతలు చెబుతాను, పుల్లల కట్టలతో. పరిశీలన ఫారాలు తేకండి. గోడవారన కుర్చీలు వేయించను, పిల్లల జట్లలోనే కూర్చోండి. పదుల కట్ట విప్పే దగ్గర ఎవరు తడబడ్డారో, అప్పుడు నేను ఎటు చూస్తున్నానో గమనించి, బడి వదిలాక నాకు చెప్పండి. ఆపై నెల మీ బడికి నేనొస్తాను.