ఆపదవేళకు ఒక పడక



ఒక పాఠశాల డెబ్బది అయిదు సంవత్సరాలు నిలిచినదంటే, ఒక తరం నాటిన మొక్క నీడలో మూడు తరాలు చదువుకొన్నాయని అర్థం. ఈనాడు తరగతిలో కూర్చున్న బాలునికి ఆ గోడ ఎవరి విరాళంతో లేచినదో తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. వైద్యశాల సంగతీ అటువంటిదే. అర్ధరాత్రి వేళ రోడ్డు ప్రమాదంలో గాయపడి స్ట్రెచరు మీద వచ్చిన మనిషి, తనకు దొరికిన పడక ఏ దాత చలువో అడుగడు. ఆ క్షణాన అతని కుటుంబానికి ఉండే ప్రశ్న ఒక్కటే: పడక ఉన్నదా, లేదా? ఈ ప్రసంగానికి విషయం ఆ ప్రశ్నే.

జూబిలీకీ ఆసుపత్రికీ సంబంధమేమిటని ఎవరికైనా సందేహం కలుగవచ్చు. బెంగళూరు నగరంలో అందుకు చక్కని సమాధానమున్నది. కృష్ణరాజేంద్ర మార్కెట్టు చెంత ఉన్న విక్టోరియా ఆసుపత్రి ఒక జూబిలీ సందర్భాన పుట్టినదే. విక్టోరియా రాణి పాలనకు అరువది ఏండ్లు నిండిన 1897లో, మైసూరు రాజప్రతినిధిగా రాజ్యభారం వహిస్తున్న మహారాణి కెంపనంజమ్మణ్ణి వాణీవిలాస సన్నిధానం దానికి శంకుస్థాపన చేశారు. భవనం పూర్తికాక మునుపే, 1898లో, ప్లేగు మహమ్మారి నగరాన్ని అల్లకల్లోలం చేసింది. 1900 డిసెంబరులో వైస్రాయి కర్జన్ ప్రభువు ఆసుపత్రిని ప్రారంభించినప్పుడు దానిలో ఉన్న పడకలు 140. అక్కడితో ఆగి ఉంటే అది ఒక జ్ఞాపకచిహ్నంగా మిగిలిపోయేది. అదే ఆవరణలో 1935లో స్త్రీలకు, శిశువులకు వాణీవిలాస ఆసుపత్రి వెలసింది. అవసరం పెరిగినకొద్దీ వార్డుకు వార్డు చేరింది.

ప్రభుత్వం వెంట ప్రజలూ నడిచారు. 1886లోనే గుడ్ షెపర్డ్ సన్యాసినులు సెయింట్ మార్తాస్ ఆసుపత్రిని నెలకొల్పారు. ఘోషా పాటించే స్త్రీలు పురుష వైద్యుని ఎదుటికి రాలేక ప్రాణాలు పోగొట్టుకొంటున్న కాలంలో, వర్తక ప్రముఖుడు హాజీ సర్ ఇస్మాయిల్ సేట్ ఔదార్యంతో శివాజీనగర్ ప్రాంతంలో ఘోషా ఆసుపత్రి ఏర్పడింది. ఆ మూడు సంస్థల మతాలు వేరు, భాషలు వేరు. అక్కడికి వచ్చిన రోగుల బాధ మాత్రం ఒక్కటే.

1981వ సంవత్సరాన్ని బెంగళూరులోని పెద్దలు మరువలేరు. ఆ ఫిబ్రవరి 7వ తేదీన వీనస్ సర్కసు డేరా అంటుకొని తొంభై మందికి పైగా మరణించారు. వారిలో అధికులు పసిపిల్లలు. అదే సంవత్సరం జూలైలో కల్తీ సారా మూడువందల మందికి పైగా పేదలను బలిగొన్నది. ఇటువంటి ఘట్టాలలోనే ఆసుపత్రి నిజమైన సామర్థ్యం బయటపడుతుంది. రోజుకు నూరు మందిని చూడగలిగిన చోట ఒక్క గంటలో నూరు మంది వస్తే ఏమవుతుంది? కాలిన గాయాల రోగిని తక్కినవారి నడుమ ఉంచితే గాయం చీము పట్టి ప్రాణం మీదికి వస్తుంది. అతనికి వేరు గది, వేరు గాలి, వేరు సిబ్బంది కావాలి. బెంగళూరు మహాబోధి సంఘం పేరున విక్టోరియా ఆసుపత్రిలో కాలిన గాయాలకు ప్రత్యేక వార్డు ఉండడం, ఒక ధార్మిక సంస్థ ఈ అవసరాన్ని గుర్తించినదనడానికి నిదర్శనం. మరి నలుబది ఏండ్లకు, 2021 వేసవిలో, కోవిడ్ రెండవ ఉధృతి వేళ ఇదే నగరంలో కుటుంబాలు ఆక్సిజన్ పడక కోసం ఆసుపత్రి నుండి ఆసుపత్రికి పరుగులు తీశాయి. చేతిలో డబ్బు ఉన్నవారికి సైతం పడక దొరకని రోజులవి.

చట్టం తన వంతు చేసింది. ప్రమాదంలో గాయపడిన వ్యక్తికి ప్రాణరక్షణ చికిత్స చేయడం ప్రతి వైద్యుని విధి అని, పోలీసు లాంఛనాల పేరిట జాప్యం కూడదని సుప్రీంకోర్టు 1989లో పరమానంద కటారా వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవ 2008లో కర్ణాటకకు వచ్చింది. ఇప్పుడు రోగి ద్వారం వరకు త్వరగానే చేరుతున్నాడు. ద్వారం లోపల చోటు లేకపోతే తీర్పు, అంబులెన్సు రెండూ నిరుపయోగాలే.

అత్యవసర విభాగమంటే ఎర్రదీపం వెలిగే గది ఒక్కటే కాదు. వచ్చిన వారిని ప్రమాద తీవ్రతను బట్టి వేరుచేసే స్థలం, గోడలో నుండి వచ్చే ఆక్సిజన్ గొట్టం, కరెంటు పోయిన మరుక్షణం అందుకొనే జనరేటరు, రాత్రి రెండు గంటలకైనా రక్తం ఇవ్వగల రక్తనిధి, పక్కనే శస్త్రచికిత్స గది: ఇవన్నీ ఒకదానికొకటి గొలుసుకట్టు. ఒక్క లంకె తెగినా తక్కినవి పనిచేయవు. అత్యవసర విభాగం నుండి రోగిని పంపడానికి లోపలి వార్డులో పడక ఖాళీ లేకపోతే, అతడు అక్కడే ఉండిపోతాడు. తరువాత వచ్చిన వానికి నేలే గతి. అందుచేతనే అత్యవసర విభాగాన్ని, లోపలి వార్డులను కలిపి పెంచాలని వైద్యశాలల నిర్వాహకులు కోరుతారు.

దాతలు తరచు మరచే లెక్క ఒకటున్నది. మంచం కొనడం సులభం. తీవ్ర చికిత్స విభాగంలో ఒక పడక వద్ద రేయింబవళ్లు ఒక నర్సు ఉండాలంటే, ఎనిమిది గంటల వంతున వారానికి ఇరువది ఒక్క వంతులు. ఒక్కొక్కరు వారానికి ఆరు వంతులు చేసినా మూడున్నర మంది కావాలి. సెలవులు, అస్వస్థతలు కలుపుకొంటే నలుగురికి తక్కువ కాదు. ఒక్క మంచానికి నలుగురి జీతాలు, ఏటేటా, ఎల్లకాలం! భవనం కట్టించి జీతాలకు దారి చూపనందువల్ల తాళం పడిన వార్డులు దేశంలో కొరత కాదు. కనుక విరాళాలు సేకరించేవారు మూడు పద్దులు వేరుగా చూపాలి: కట్టడం, పరికరాలు, శాశ్వత నిధి. మూడవ పద్దుకు శిలాఫలకం ఉండదు. అయినా వార్డును బ్రతికించేది అదే.

పెద్ద విరాళాలకు ఈ నగరం కొత్త కాదు. ఇన్ఫోసిస్ ఫౌండేషన్ నూరు కోట్ల రూపాయలకు పైగా వెచ్చించి జయదేవ హృద్రోగ సంస్థకు నిర్మించి ఇచ్చిన 350 పడకల భవనం 2021లో ప్రారంభమైంది. 2022లో బాగ్చీ, పార్థసారథి దంపతులు భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలో 800 పడకల ఆసుపత్రి కోసం 425 కోట్ల రూపాయలు ప్రకటించారు. తెలుగునాట సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన కోటి రూపాయలు, స్థలం ఆసరాగా 1987లో హైదరాబాదులో నేత్ర వైద్య సంస్థ రూపుదిద్దుకొన్నది.

ఈ సభకు మరింత దగ్గరి ఉదాహరణ గుంటూరుది. గుంటూరు వైద్య కళాశాలలో చదివి ఉత్తర అమెరికాలో స్థిరపడిన వైద్యులు ‘జింకానా’ అనే పూర్వ విద్యార్థుల సంఘంగా ఏర్పడి, తాము విద్య నేర్చిన ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి తల్లీబిడ్డల చికిత్సా భవనం కోసం నిధులు సమకూర్చారు. 2022లో ఆ సంఘ సభ్యురాలు డాక్టర్ ఉమా గవిని ఇరువది కోట్ల రూపాయల విరాళం ప్రకటించారు. ఆమె తన పేరు పెట్టమని కోరలేదు. భవనం దివంగతుడైన ఆమె భర్త పేరును ధరించింది. చదువు చెప్పిన సంస్థ ఋణాన్ని పూర్వ విద్యార్థులు ఆ ఊరి రోగుల రూపంలో తీర్చుకొన్నారన్నమాట.

“పన్నులు కడుతున్నాము గదా, ఆసుపత్రులు ప్రభుత్వ బాధ్యత కాదా?” అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. విరాళం ప్రభుత్వ బాధ్యతను రద్దు చేయరాదు, దానిని త్వరపెట్టాలి. దాత భవనం ఇచ్చేముందే సిబ్బంది నియామకానికి లిఖితపూర్వకమైన హామీ పొందడం ఇందుకు మార్గం. ధర్మసంస్థ నడిపే ఆసుపత్రి అయితే, విరాళంతో వచ్చిన పడకలలో ఎన్ని పేదలకు ఉచితంగా ఉంటాయో, ఆ నియమాన్ని ఎవరు పరిశీలిస్తారో ముందుగానే తెలుసుకోవాలి. పేదల పేరు చెప్పి కూడబెట్టిన ధనంతో సంపన్నుల గదులు లేస్తే, తరువాత వచ్చే యథార్థ అభ్యర్థనకు కూడా చేతులు ముడుచుకొంటాయి. తనిఖీ అయిన లెక్కలు, ప్రతి రూపాయికి రశీదు, ఏటా దాతలకు నివేదిక: ఇవి దాతపై అనుమానంతోనో, నిర్వాహకునిపై అపనమ్మకంతోనో అడిగేవి కావు. ఇవి నిధికి కంచె.

పెద్ద సంస్థలలో పనిచేస్తున్న పూర్వ విద్యార్థులు ఒక విషయం గుర్తుంచుకోవచ్చును. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన సంస్థలు తమ సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక కార్యాలకు వెచ్చించాలి. ఏ ఆసుపత్రికి ఏమి కొరవడినదో వివరంగా వ్రాసి సంస్థ ముందుంచగలిగిన ఉద్యోగి ఒక్కడున్నా, ఆ ధనం సరైన గుమ్మం చేరుతుంది. విదేశాలలో ఉన్నవారి విషయంలో, విదేశీ పౌరసత్వం పొందినవారి విరాళాలను విదేశీ విరాళాల చట్టం క్రింద అనుమతి ఉన్న సంస్థలే స్వీకరించగలవు. పంపేముందు ఆ సంగతి విచారించడం క్షేమం.

ధనం ఇవ్వలేనివారు కూడా రిక్తహస్తులు కారు. హిందూపురం, మదనపల్లె, కుప్పం, అనంతపురం ప్రాంతాల నుండి ప్రాణాపాయంలో ఉన్నవారిని బంధువులు బెంగళూరుకే తీసుకొని వస్తారు. హిందూపురానికి హైదరాబాదు కంటె బెంగళూరు ఎంతో చేరువ. పొలం పనుల నుండి నేరుగా వచ్చిన ఆ తల్లికి కన్నడం రాదు, ఇంగ్లీషు రాదు. ఏ కాగితం మీద వేలిముద్ర వేస్తున్నదో, కుమారునికి ఏమి చేయబోతున్నారో తెలియదు. తెలుగు తెలిసిన వైద్యులు, నర్సులు ఈ నగరంలో చాలామంది ఉన్నా, ఆ వేళకు ఆ గదిలో ఉండకపోవచ్చును. అప్పుడు పక్కన నిలిచి, “అమ్మా, కంగారు పడకు, వాళ్లు చెప్పేది ఇది” అని తెలుగులో వివరించే మనిషి ఔషధమంత అవసరం. వారానికి ఒక పూట అత్యవసర విభాగం వద్ద నిలబడడానికి సిద్ధపడే ఇరువది మంది పూర్వ విద్యార్థులుంటే, ఈ పాఠశాల నేర్పిన అక్షరానికి అంతకు మించిన సార్థకత లేదు.

రక్తదానం మరొక మార్గం. రోడ్డు మీద పడిన మనిషిని ఆసుపత్రికి చేర్చడం ఇంకొకటి. అట్లా చేర్చినవారిని వేధింపుల నుండి కాపాడే మార్గదర్శకాలను సుప్రీంకోర్టు 2016లో ఆమోదించింది, 2019లో మోటారు వాహనాల చట్టం దానికి బలం చేకూర్చింది. భయపడి తప్పుకొనవలసిన కారణం ఇక లేదు.

డెబ్బది అయిదేళ్ల క్రితం ఈ బడికి ఇటుక మోసినవారు తమ పిల్లల కోసమే మోయలేదు. ఎవరో తెలియని పిల్లల కోసం మోశారు. ఆసుపత్రి పడక కూడా అటువంటి దానమే. దాని మీద రేపు పడుకోబోయేది ఎవరో దాతకు తెలియదు. పరాయివాడు కావచ్చు, పొరుగువాడు కావచ్చు, దాత కన్నబిడ్డే కావచ్చు. ఎవరైనా సరే, వారు వచ్చేనాటికి ఆ పడక సిద్ధంగా ఉండాలి.