బంతిమీది చేవ్రాలు

అమెరికాదేశపు బేస్‌బాల్ బంతి మన క్రికెట్ బంతికంటె కొంచెము తేలిక. తెల్లని తోలు, దానిపై ఎఱ్ఱదారముతో 108 జంటకుట్లు. రెండు కుట్లవరుసలు మిక్కిలి చేరువగా వచ్చుచోట కొలదిపాటి తెలుపు మిగులును. ఆటగాండ్ర చేవ్రాళ్ళను సేకరించువారు ఆ చోటునే కోరుదురు. అచ్చట ఒక్క పేరు మాత్రమే ఇముడును. ఆ పేరు ఎవరిది? అది నిజముగా ఆతడు వ్రాసినదేనా? సేకరించువారి సంతోషమంతయు, చింతయంతయు ఈ రెండు ప్రశ్నలయందే కలదు.

మేము నేడు ముచ్చటింపదలచినది ఆ దేశపు పెద్దలీగును గూర్చి కాదు. స్వతంత్ర లీగులను గూర్చి. పెద్దలీగు క్లబ్బులలో దేనికిని అనుబంధము కాని జట్లు వీనియందు ఆడును. జీతములు స్వల్పము. అవకాశము రాని యువకులు, వచ్చిన అవకాశము చేజారినవారు, వయసు మీరినను ఆట విడువలేని వీరులు అచ్చట ఒకే జట్టున కనబడుదురు.

1993లో పునరుద్ధరింపబడిన నార్తర్న్ లీగునందు సెయింట్ పాల్ సెయింట్స్ అను జట్టుండెను. 1997లో ఐలా బోర్డర్స్ అను ఎడమచేతివాటపు యువతి ఆ జట్టున చేరి పురుషులకు ఎదురుగా బంతి విసరెను. మరుసటి ఏడు డులూత్-సుపీరియర్ డ్యూక్స్ జట్టు తరపున ఆడి ఒక విజయమును తన పేర వ్రాయించుకొనెను. తరువాత ఆమె అగ్నిమాపక దళమున ఉద్యోగమునకు చేరెను. పెద్దలీగున 1406 పర్యాయములు బేసు దొంగిలించి రికార్డు స్థాపించిన రికీ హెండర్సన్ 2003లో, తన 44వ యేట, న్యూఅర్క్ బేర్స్ అను స్వతంత్ర జట్టున ఆడుచుండెను. డేనియల్ నావా కథ ఇంకను వింతయైనది. గోల్డెన్ లీగులోని చికో ఔట్‌లాస్ జట్టునుండి బోస్టన్ రెడ్ సాక్స్‌వారు ఆతనిని ఒక్క డాలరునకు కొనిరి. 2010 జూన్ 12న పెద్దలీగున తనకు విసరిన మొట్టమొదటి బంతిని ఆతడు ప్రేక్షకులలోనికి కొట్టెను. అప్పుడు బేసులన్నియు నిండియుండెను. ఆ ఒక్క దెబ్బకు నాలుగు పరుగులు వచ్చినవి.

చికోలో ఆడునాడు ఆతని చేవ్రాలునకు ఎవరు వెల కట్టుదురు? స్వతంత్ర లీగుల మైదానములందు చేవ్రాలు అడిగి పుచ్చుకొనవలసినది. ఆటగాడు కంచెకు ఆవల, అడుగువాడు ఈవల. నడుమ నాలుగు మాటలు. ఈ సేకరణలోని రుచి అదియే.

కాని ధనము ఎచ్చట చేరునో మోసము అచ్చటకు చేరును. 1990వ దశాబ్దపు చివర అమెరికా కేంద్ర నేరపరిశోధకశాఖవారు శాన్‌డియాగో ప్రాంతమున దొంగచేవ్రాళ్ళ ముఠాను పట్టుకొనిరి. మన కలకత్తాలో సేవచేసిన మదర్ థెరిసా పేర సంతకము చేసిన బేస్‌బాల్ బంతులు కూడ ఆ సరకులో దొరకినవి! ఆ నగరపు మేటి ఆటగాడు టోనీ గ్విన్, తన మైదానపు అంగడిలోనే తన పేర దొంగచేవ్రాళ్ళు అమ్ముడగుట కనిపెట్టెను. పిమ్మట 2001లో పెద్దలీగువారు సాక్షులను నియమించిరి. వారు కన్నులార చూచిన వస్తువునకు మాత్రమే సంఖ్య గల ముద్రచీటి అంటింతురు.

చిన్న మైదానపు కంచెచెంత అట్టి సాక్షి ఎవరు? సేకరించువాడే సాక్షి. అందువలన ఆతడు బంతిని దాచినంత శ్రద్ధగా ఒక చిన్న కాగితమును కూడ దాచవలెను. ఏ తేదీన, ఏ ఊర, ఏ జట్లు ఆడుచుండగా, ఎవరు తన కన్నులయెదుట వ్రాసిరో ఆనాడే అందు వ్రాసికొనవలెను. ఆట టిక్కెట్టు దానికి జతచేసిన మరియు మంచిది.

ఈ సంగతి మాకు అనుభవముచే తెలిసినది. ఉద్యోగమున చేరిన క్రొత్తలో మేము ఒక పల్లెకు పోయి, ఒక వృద్ధురాలిచేత నాట్లపాటలు పాడించి టేపుపై పట్టితిమి. పెట్టెమీద రేపు వ్రాయుదుమనుకొని మరచితిమి. చాల ఏండ్లకు ఆ టేపు మా చేతికి మరల వచ్చినది. కంఠము స్వచ్ఛముగా ఉన్నది; పేరు లేదు, ఊరు లేదు. ఎవరి పాటయని చెప్పి వినిపింతుము? ఆ లోపము మాదే. ఆ అవ్వకు చేసిన అన్యాయము నేటికిని మమ్ము బాధించుచున్నది.

పనికివచ్చు మాటలు మరి రెండు. బంతిమీద బాల్‌పాయింటు కలముతో వ్రాయింపవలెను. మార్కరు సిరా తోలులో ప్రాకి అక్షరములు అలుకుకొనును. ఛాయాచిత్రమునకు, బ్యాటునకు మార్కరే తగును. వ్రాసిన వస్తువును ఎండ సోకనీయరాదు, సిరా వెలిసిపోవును.

నార్తర్న్ లీగు, గోల్డెన్ లీగు రెండును 2010తో ముగిసినవి. న్యూఅర్క్ బేర్స్ సామగ్రి 2014లో వేలమునకు వచ్చెను. సెయింట్ పాల్ జట్టు 2021నుండి పెద్దలీగు క్లబ్బునకు అనుబంధమైనది. హెండర్సన్ 2024లో గతించెను. అచ్చట ఆడినవారిలో పెక్కుమంది పేర్లు లోకమునకు తెలియవు. అట్టివాని పేరు ఒక బంతిమీద నిలిచియుండిన, ప్రక్కన నాలుగు పంక్తుల చీటి యుండిన, ఆతడు ఒకనాటి సాయంకాలము అచ్చట ఆడెనని చెప్పుటకు ఒక సాక్ష్యము మిగులును. మీ యింట ఏ పెద్దవారి చేవ్రాలైనను ఉన్నయెడల, అది ఎప్పుడు ఎట్లు వచ్చినదో ఈ రాత్రియే ఒక కాగితముపై వ్రాసియుంచుడు. రేపటికి వాయిదా వేయకుడు.