ధర్మసంస్థకు సాక్ష్యపత్రము



కఱవును దానమును ఈ సీమవారికి క్రొత్తవి కావు. 1866 నాటి కఱవులో ఉయ్యాలవాడ వాస్తవ్యులు బుడ్డా వెంగళరెడ్డిగారు తమ గాదెలు తెఱచి వేలకొలది జనులకు అన్నము పెట్టిరి. ఆ కీర్తి విక్టోరియా రాణి వఱకు పోయి, ఆమె యొద్దనుండి స్వర్ణపతకము వచ్చినది. ఆ పంక్తిలో కూర్చున్నవా డెవడును ఆయనను రిజిస్ట్రేషను పత్రము చూపుమని అడిగియుండడు. అడుగవలసిన పని యేమున్నది? గింజ ఆయనది, పొయ్యి ఆయన వాకిటిది, విస్తరి అందఱి కండ్లయెదుటిది.

పదునొకండేండ్లకు ధాత కఱవులో వచ్చినది మఱియొక తీరు దానము. కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలలో జనము మాడి చచ్చుచుండగా 1877లో లండను నగర మేయరు మాన్షన్ హౌసు నిధిని తెఱచెను. ఇచ్చినవాడు సముద్రముల కావల. తినవలసినవాడు ఈ రేగళ్ల నడుమ. మధ్య కమిటీలు, గుమాస్తాలు, బండ్లు. ఒకరి సొమ్ము మఱియొకరి చేతిమీదుగా మూడవవాని విస్తరికి పోవునపుడు ఆ నడిమి చేయి యెవరిదో తెలిసికొనవలసి వచ్చును. నేటి చిక్కంతయు ఆ నడిమి చేతిది.

2009 అక్టోబరులో తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు మునిగినపుడు దూరప్రాంతములనుండియు, విదేశములలోని తెలుగువారి నుండియు సహాయము వచ్చినది. అట్టి వేళ దాతకు విచారించుటకు వ్యవధి యుండదు. మోసగానికి కావలసినదియు ఆ తొందరయే. 2020లో కరోనా వ్యాపించినపుడు ప్రధానమంత్రి పేర నేర్పడిన పి.ఎం. కేర్స్ నిధికి ఫోను ద్వారా సొమ్ము పంపు చిరునామాలో చివరి 'ఎస్' అక్షర మొక్కటి తొలగించి దొంగ చిరునామా పుట్టించిరి. ఒక్క అక్షరము! చదువుకొన్నవారి కన్నును దాటిపోవునది.

ధర్మసంస్థలకు పత్రములు లేవా అన్న, కావలసినన్ని కలవు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టము క్రింద రిజిస్ట్రేషను; ఆదాయపు పన్ను శాఖ యిచ్చు 80జి అనుమతి; విదేశపు సొమ్ము పుచ్చుకొనుటకు 2010 నాటి చట్టము క్రింద అనుమతి; నీతి ఆయోగువారి దర్పణ్ సంఖ్య. ఇవి వేఱువేఱు చోట్ల నున్నవి. దాత చేతికి వచ్చునది నకలు. నకలులో ఒక సంస్థ సంఖ్యను తీసి మఱియొక దానికి అంటించుట నేడు పిల్లలకును చేతనైన పని. రద్దయిన పత్రముపై రద్దయినట్లు వ్రాసియుండదు. అది గోడపై అద్దములో ఎప్పటివలెనే మెఱయుచుండును.

ఇచ్చట బ్లాక్‌చెయిన్ అను పద్ధతి అక్కఱకు వచ్చును. మాట క్రొత్తదే కాని, తామ్రశాసనములు చూచినవారికి భావము క్రొత్త గాదు. రాజు అగ్రహార మిచ్చునపుడు రాగిరేకులకు రంధ్రము చేయించి, కడియము దూర్చి, దాని కొనలను రాజముద్రలో పోతపోయించెడివాడు. నడిమి రేకు మార్చవలెనన్న కడియము తెగవలెను. (అయినను కూటశాసనములు పుట్టకపోలేదు, చరిత్రకారులు వానిని పట్టుచునే యున్నారు.) బ్లాక్‌చెయినునందు ప్రతి పుటయు తన ముందటి పుటయొక్క ముద్రాంకమును మోయును. వెనుక ఒక్క అక్షరము దిద్దినను ముద్రాంకము మాఱి తరువాతి పుటలు పొసగకుండ పోవును. ప్రతులు పలువురి కంప్యూటర్లలో నుండును గనుక ఒకడు తన ప్రతిని దిద్దుకొన్నను తక్కినవి వానిని పట్టియిచ్చును.

హేబర్, స్టోర్నెట్టా అను ఇరువురు శాస్త్రజ్ఞులు 1991లో ఇట్టి గొలుసును గూర్చి వ్రాసిరి. 1995 నుండి వారి సంస్థ ఆ ముద్రాంకమును వారమువారము న్యూయార్క్ టైమ్స్ పత్రికలో చిన్న ప్రకటనగా అచ్చువేయించినది. ఆ పత్రికను భద్రపఱచిన ప్రతి గ్రంథాలయమును తెలియకయే ఆ లెక్కకు సాక్షి యైనది. బిట్‌కాయిను తరువాత వచ్చినది. దాని జూదమునకు భయపడి ఈ సాక్ష్యపద్ధతిని త్రోసివేయ నక్కఱలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును 2017లో భూమి రికార్డులకు దీనిని ప్రయోగముగా చేపట్టినది.

సంస్థలకు దీని నుపయోగించు తీరు ఇట్టిది. రిజిస్ట్రారు పత్రమిచ్చునపుడు తన రహస్యపు తాళపుచెవితో సంతకము చేయును. దానిని సరిచూచు బహిరంగపు తాళపుచెవి గొలుసుపై అందఱకును అందుబాటులో నుండును. దాత ఫోను చూపగనే మూడు సంగతులు తెలియును: పత్రమిచ్చినది ఆ కార్యాలయమేనా, ఇచ్చినపిదప మార్పు జరిగినదా, నేటికిని చెల్లుచున్నదా. ఇట్టి పత్రములకు వెబ్ ప్రమాణములు చేయు అంతర్జాతీయ మండలి 2019లో ఒక రూపము నేర్పఱచినది. బీదల పేర్లను, ఆధారు సంఖ్యలను మాత్రము గొలుసుపై వ్రాయరాదు. చెఱుపరాని పుస్తకములో ఒకని లేమిని వ్రాసి లోకమునకు చూపుట దానమెట్లగును?

అయితే ఈ సాక్ష్య మెంతవఱకు? డోన్ జంక్షనులో గూడ్సు వ్యాగను తలుపునకు సీలు వేసియుండుట చూచినవారే అందఱును. నింపినపిదప తలుపు తెఱువలేదని ఆ సీలు చెప్పును. నింపినది బియ్యమో ఊకయో అది చెప్పదు. ప్రపంచ ఆహార కార్యక్రమమువారు 2017లో జోర్డాను దేశపు అజ్రక్ శిబిరములో ఈ పద్ధతిని పెట్టిరి. సిరియా శరణార్థి అంగడిలో కంటిపాపను యంత్రమునకు చూపి సరకు తీసికొనెను. లెక్క గొలుసున చేరెను. మేలైన పనియే. కాని ప్రతులన్నియు ఒక్క సంస్థ చేతిలోనే యున్నచో అది కరణము దఫ్తరమునకు ఎంత దూరము?

సీలు చెప్పలేనిదానిని చెప్పించినది ప్రక్కనున్న అనంతపురము జిల్లాయే. 2006లో అచ్చటి ఉపాధి పనులపై సామాజిక తనిఖీ జరిగినపుడు మస్టరులోని పేర్లు జనుల నడుమ పైకి చదివిరి. చదువు రానివారును తమ పేర వ్రాసిన పనిదినములను, కూలిని చెవులార విని, అవునో కాదో అక్కడనే చెప్పిరి. గొలుసు పత్రమునకు సాక్షి. సరకునకు ఆ చెవులే సాక్షి. రెంటిలో నొకటి కొఱవడినను మోసమునకు సందు దొరకును.

డోను చుట్టుప్రక్కల పల్లెలకు ఏ సంస్థ వచ్చినను గ్రంథాలయమువారు చేయదగిన పని యొకటి కలదు. సంస్థ సంఖ్యను ప్రభుత్వ జాబితాలో సరిచూచి, ఇట్టి పత్రము వచ్చిననాడు దానిని ఫోనులో సరిచూచి, పేరు, తేది, తెచ్చిన సరకు, పంచినదని చెప్పుకొన్న మొత్తము ఒక పుస్తకములో వ్రాసి, సాయంకాలము పైకి చదువవలెను. చివరి గడి, అందిన మొత్తము. దానిని సంస్థవారు పూరింపరాదు; మూట తీసికొనిపోయినవారు పూరింపవలెను. వ్రాయరానివారికి వ్రాసిపెట్టుటకు ఆ వేళ పత్రికలు చదువ వచ్చిన పాఠకులు అక్కడనే యుందురు.