నర్సింగ్ చదవాలా వద్దా: అమ్మాయిని అడిగి నిర్ణయిద్దాం

(చిత్తూరులో ఇంటర్మీడియట్ విద్యార్థినులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"మా అమ్మాయిని బి.ఎస్సీ. నర్సింగ్‌లో చేర్పించవచ్చునా?" అని మీలో చాలామంది అడుగుతున్నారు. మన ఇళ్ళలో ఈ ప్రశ్న సాధారణంగా రెండు సందర్భాలలో పుడుతుంది. నీట్‌లో ర్యాంకు రానప్పుడు ఒకసారి, గల్ఫ్‌లో నర్సులకు మంచి జీతాలున్నాయని బంధువులెవరైనా ఫోన్ చేసినప్పుడు మరొకసారి. రెండు సందర్భాలలోనూ మామయ్యను అడుగుతాము, పెద్దనాన్నను అడుగుతాము. చదవవలసిన అమ్మాయిని మాత్రం చివర అడుగుతాము, ఒక్కొక్కసారి అసలే అడగము.

మొదట పెద్దల అభ్యంతరాన్నే తీసుకుందాము. రాత్రి డ్యూటీ ఉంటుంది, పరాయి మగవారిని తాకవలసి వస్తుంది, రేపు సంబంధాలు రావు. ఈ భయాన్ని నేను ఎగతాళి చేయను. కాని మన చరిత్ర ఏమి చెబుతున్నదో చూడండి. మహనీయ ప్రవక్త (స) కాలంలో మదీనాలో రుఫైదా అల్ అస్లమియా అనే మహిళ మస్జిద్ ఆవరణలోనే గుడారం వేసి క్షతగాత్రులకు సేవ చేశారు. కందక యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ మఆజ్ (రజి) గారిని ఆ గుడారానికే చేర్చారు. నర్సు వృత్తి మనకు పరాయిదని ఎవరైనా అంటే, వారికి ఈ ఒక్క పేరు గుర్తుచేయండి.

మరొక ఉదంతం మనకు బాగా దగ్గరిది. 1890లలో తిండివనంలో ఒక్క రాత్రిలో ముగ్గురు భర్తలు ఐడా స్కడర్ అనే అమెరికన్ యువతి ఇంటి తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ ప్రసవవేదనలో ఉన్నారు. ఆమె తండ్రి వైద్యుడు, కాని మగ వైద్యుడు తమ ఇంటి స్త్రీని చూడడానికి వారు ఒప్పుకోలేదు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ మరణించారు. ఆ ముగ్గురు భర్తలలో ఒకరు ముస్లిం. ఆ రాత్రే తనను వైద్యం చదివేందుకు పురికొల్పిందని ఐడా చెప్పుకున్నారు. ఆమె వేలూరులో ఆసుపత్రి స్థాపించారు, 1909లో నర్సుల శిక్షణ ప్రారంభించారు. 1946లో అక్కడే దేశంలోని తొలి నర్సింగ్ డిగ్రీ కోర్సులలో ఒకటి మొదలైంది. చిత్తూరు నుంచి వేలూరికి గంట ప్రయాణం. 1911 వరకు ఆ ప్రాంతమూ మనదీ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా, దానికి కేంద్రం ఈ చిత్తూరే. మన ఆడవారిని ఆడవారే చూడాలని కోరుకునే సముదాయం ఆ ఆడవారిని ఎక్కడినుంచి తెస్తుంది? ఇతరుల బిడ్డలు చదివి వచ్చి మన తల్లులకు పురుడు పోయాలి, మన బిడ్డలు మాత్రం ఆ చదువు చదవకూడదు అనడం నాకు న్యాయంగా తోచదు.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం కూడా అటువంటిదే. 1915లో క్షయ రోగుల కోసం క్రైస్తవ మిషన్లు దాన్ని తెరిచాయి. మైనారిటీలు విద్యాసంస్థలు స్థాపించుకునే హక్కును రాజ్యాంగం 30వ అధికరణం మనకూ ఇచ్చింది. మనం ఊరూరా షాదీమహళ్ళు కట్టుకున్నాము. అవీ అవసరమే, కాదనను.

సంబంధాల విషయం కూడా దాచకుండా మాట్లాడుకుందాము. పీలేరు, కలికిరి, రాయచోటి వైపు ఎన్ని ఇళ్ళనుంచి మన అక్కచెల్లెళ్ళు కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళలేదు? పరాయి ఇంట్లో, తలుపుల వెనుక, వేళాపాళా లేని చాకిరీకి మనం అడ్డు చెప్పలేదు. పేదరికం అని సరిపెట్టుకున్నాము. అదే దేశానికి రిజిస్టర్డ్ నర్సుగా, పనిగంటలున్న ఒప్పందంతో వెళతానంటే మాత్రం పరువు గుర్తుకు వస్తున్నది. పైగా 2015లో కేంద్రప్రభుత్వం గల్ఫ్‌తో సహా 18 దేశాలకు నర్సుల నియామకం ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలని ఆదేశించింది. ఏజెంట్ల చేతికి లక్షలు పోసే ముందు ఈ సంగతి తెలుసుకోండి.

ఇక బిడ్డలారా, మీతో ఒక మాట. ఈ పని అందరికీ సరిపోదు. రక్తం, చీము, మలమూత్రాలు, మరణం ఉంటాయి. మూడు షిఫ్టులలో నిలబడి చేయాలి. కోపంలో ఉన్న రోగి బంధువులు మొదట అరిచేది నర్సుమీదనే. ఎం.బి.బి.ఎస్. రాలేదు కనుక ఇదైనా, అనుకుని చేరినవారికి రెండవ సంవత్సరంలోనే విసుగు పుడుతుంది. తిరుపతి రుయా ఆసుపత్రిలోనో మరొకచోటనో పనిచేస్తున్న నర్సు ఎవరైనా తెలిసి ఉంటే, డ్యూటీ ముగిసిన సాయంత్రం ఆమెతో ఒక గంట కూర్చోండి. జీతం, సెలవులు, రాత్రి డ్యూటీకి ఎలా వెళ్ళి వస్తారు, అన్నీ అడగండి. ఆ తరువాత వద్దనిపిస్తే నిర్భయంగా వద్దనండి.

జీతాల గురించి తీయని మాటలు నమ్మవద్దు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంపై కేంద్రం నియమించిన కమిటీ, 50 పడకలకన్నా చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో సైతం నర్సుకు నెలకు కనీసం 20,000 రూపాయలివ్వాలనీ, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలనీ సిఫారసు చేసింది. అది సిఫారసుగానే మిగిలింది. మన ఊరి నర్సింగ్ హోములో ఎంత ఇస్తున్నారో విచారించండి, తేడా మీకే అర్థమవుతుంది. అందుకే డిగ్రీ ముఖ్యం. ఎ.ఎన్.ఎం. రెండేళ్ళు, జి.ఎన్.ఎం. మూడేళ్ళు, బి.ఎస్సీ. నాలుగేళ్ళు. త్వరగా సంపాదన కావాలని రెండేళ్ళ కోర్సుతో ఆగిపోతే పై మెట్లు ఎక్కడం కష్టం. అయితే బి.ఎస్సీ.కి ఇంటర్‌లో బైపిసి ఉండాలి. అంటే ఈ నిర్ణయం పదవ తరగతి తరువాత గ్రూపు ఎంచుకునేటప్పుడే సగం జరిగిపోతుంది. ఉర్దూ మీడియంలో చదువుతున్న చెల్లెళ్ళ తల్లిదండ్రులు ఈ మాట ప్రత్యేకంగా వినాలి. నర్సింగ్ బోధన ఆంగ్లంలోనే సాగుతుంది.

కళాశాలను భవనం చూసి ఎంచుకోవద్దు. సొంత ఆసుపత్రి ఉన్నదా, అందులో రోగులున్నారా, కౌన్సిల్ గుర్తింపు ఈ ఏడాదికి ఉన్నదా చూడండి. యాజమాన్య కోటా సీటుకు ఫీజు సాయం వర్తిస్తుందో లేదో ముందే తేల్చుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే అట్టిపెట్టుకుంటామనే చోటికి వెళ్ళకండి. తిరుపతిలో ఇంకొక విషయమూ ఉన్నది. తిరుమల తిరుపతి దేవస్థానం తన ఉద్యోగాలకు హిందువులనే తీసుకుంటుందన్నది అందరికీ తెలిసినదే. చదువుకునే సీటు వేరు, ఉద్యోగ నియామకం వేరు. ఏ ఆసుపత్రి నోటిఫికేషన్ వచ్చినా నిబంధనలు చివరిదాకా చదవండి.

దుస్తుల ప్రశ్న కూడా చేరక ముందే, వ్రాతపూర్వకంగా అడగవలసినదే. మోచేతి కిందిభాగం కడుక్కోవడానికి వీలుగా ఉండాలన్నది అంటువ్యాధుల నివారణకు సంబంధించిన నియమం, దాన్ని మతద్వేషంగా చూడకూడదు. కాని మార్గాలున్నాయి. బ్రిటన్ ఆరోగ్యశాఖ 2010లో, ఒకసారి వాడి పారవేసే చేతితొడుగులను అనుమతించింది. 2023లో తిరువనంతపురం వైద్య కళాశాలలో ఏడుగురు విద్యార్థినులు పొడవు చేతుల శస్త్రచికిత్స దుస్తులు, తలను కప్పే హుడ్‌లు కోరుతూ ప్రిన్సిపాల్‌కు లేఖ ఇచ్చారు. కోరడంలో తప్పేమీ లేదు. ఏడుగురు కలిసి కోరడం మరీ మంచిది.

ఇక రిజర్వేషన్. 2007 చట్టం మన రాష్ట్రంలో వెనుకబడిన 14 ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం కల్పించింది. 2010లో హైకోర్టు కొట్టివేసినా, ఆ ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది, దానిమీదనే అది నేటికీ నిలిచి ఉన్నది. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు బి.సి.-బిలో ఉన్నాయి. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలకు ఇది వర్తించదు, వారిలో అర్హులు ఇ.డబ్ల్యు.ఎస్. ధ్రువపత్రం తీసుకోవాలి. పదవ తరగతి మెమోలో, ఆధార్‌లో, తండ్రి పత్రాలలో షేక్ ఒకచోట ముందు, మరొకచోట వెనుక, ఇంకొకచోట అసలు లేకుండా ఉంటుంది. కౌన్సెలింగ్ రోజున ఆ ఒక్క అక్షరం దగ్గర సీటు ఆగిపోవచ్చు. ఫలితాలు వచ్చేదాకా ఆగకుండా ఈ నెలలోనే సచివాలయానికి వెళ్ళి సరిచేయించండి.

ప్రశ్నలున్నవారు ఇక్కడే ఉండండి. అమ్మాయిలు ముందు అడుగుతారు, పెద్దలు తరువాత.