డిఫ్ లాక్ సెన్సార్ ఊరికే పోదు

(చాంద్రాయణగుట్టలో ట్రాక్టర్ రైతులు, డ్రైవర్లు, మెకానిక్‌ల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



రైతు సంఘం మీటింగు పాతబస్తీలో పెట్టడమేంటని మన వాళ్లే కొందరు అడిగారు. శ్రీశైలం రోడ్డు మీద కడ్తాల్, కందుకూరు, తుక్కుగూడ నుంచి బండి సామాను చేతిలో పట్టుకొని బయలుదేరిన రైతు పహాడీషరీఫ్, బార్కస్ దాటి ముందుగా చేరేది ఈ చౌరస్తాకే. ఒకప్పుడు బార్కస్ అంటే జామపండ్లు. ఇప్పుడు మనకు ఈ దారి గుర్తుండేది బేరింగుల కోసం, సీళ్ల కోసం, లేతు పని కోసం. మన బండ్ల జబ్బులు మనకంటే ఎక్కువ చూసినవాళ్లు ఇక్కడి షెడ్లలో ఉన్నారు. అందుకే రైతునూ మెకానిక్‌నూ ఒకచోట కూర్చోబెట్టాలనుకున్నాం.

ఈరోజు మాట్లాడేది ఒక్క చిన్న సామాను గురించి. డిఫరెన్షియల్ లాక్‌కు ఉండే సెన్సార్. బొటనవేలంత ఉంటుంది. అది మొరాయిస్తే నాట్ల రోజుల్లో లక్షల రూపాయల బండి గట్టున నిలబడుతుంది.

డిఫరెన్షియల్ సంగతి డ్రైవర్లకు తెలుసు, తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ పోవాలి. ఆ వెసులుబాటు ఇచ్చేదే డిఫరెన్షియల్. కరిగట్లో ఆ వెసులుబాటే మన మీదికి తిరుగుతుంది. బురదలో దిగిన చక్రం గిర్రున తిరుగుతుంది, గట్టి నేల మీదున్న చక్రం కదలదు. అప్పుడు రెండింటినీ ఒకటిగా బిగించి లాగించేది లాక్. పాత ట్రాక్టర్లలో సీటు కింద కుడికాలి దగ్గర పెడల్ ఉంటుంది. తొక్కితే పడుతుంది, కాలు తీస్తే స్ప్రింగు వెనక్కి లాగుతుంది. వాటిలో చాలావాటికి సెన్సార్ లేదు, డ్రైవర్ చెవే సెన్సార్. కొత్త పెద్ద బండ్లలో కొన్నింటికి పెడల్ బదులు బటన్ వచ్చింది. బటన్ నొక్కితే కరెంటు వాల్వు తెరుచుకుంటుంది, ఆయిల్ ఒత్తిడి లాక్‌ను బిగిస్తుంది, అది నిజంగా పడిందా లేదా అన్న కబురు సెన్సార్ డ్యాష్‌బోర్డు దీపానికి పంపుతుంది. బ్రేకు తొక్కినా, వేగం పెరిగినా లాక్‌ను విడిపించే పనిని కొన్ని బండ్లలో కంప్యూటరే చూసుకుంటుంది. గుట్టలెక్కే జీపుల్లోనూ లాక్ ఉంటుంది. గూర్ఖాకైతే ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ రెండింటికీ ఉంది.

2023 జనవరి 1 నుంచి 50 హార్స్ పవర్ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 పొగ నిబంధనలు వచ్చాయి. అది ఇంజిన్ సంగతి, లాక్‌కు దానితో నేరుగా సంబంధం లేదు. కానీ దాంతో బండి నిండా వైర్లు, ప్లగ్గులు, కంప్యూటర్ పెట్టెలు వచ్చి కూర్చున్నాయి. దున్నేవాడికి వైరు పని కూడా తెలియాల్సిన కాలం వచ్చింది.

దీపం వెలగకపోతే ఏమవుతుందని తేలిగ్గా తీసుకోవద్దు. లాక్ పడి ఉంది, దీపం లేదు, డ్రైవర్‌కు తెలియదు. చెరువు కట్ట మీద మలుపు తిప్పుతాడు. బండి తిరగదు, ముక్కు నేరుగా పోతుంది. కట్ట పక్కన ఏముంటుందో మీకు చెప్పనక్కర్లేదు. గట్టి రోడ్డు మీద అలాగే తిప్పితే ఇరుసు మీద, క్రౌన్ మీద భారం పడి పళ్లు విరుగుతాయి. అందుకే మెకానిక్ అన్నలకు చేతులు జోడించి ఒక మాట. సెన్సార్ రెండు వైర్లూ కలిపి “డైరెక్ట్” చేసి పంపకండి. రైతు తొందరపెట్టినా సరే. దీపం ఆరినంత మాత్రాన లాక్ ఊడినట్టు కాదు.

సెన్సార్ దానంతటది పాడవడం తక్కువ. నీళ్లు, బురద, వదులు కనెక్షను, మన చేతులు, ఇవే దాన్ని ఎక్కువగా చంపుతున్నాయి. పోయిన యాసంగిలో మా సభ్యుడొకరి బండికి దీపం ఆరకుండా వెలుగుతూ ఉండిపోయింది. షోరూము వాళ్లు వైర్ల కట్ట మొత్తం మార్చాలన్నారు, సామాను రావడానికి వారం పడుతుందన్నారు. నారు ముదిరిపోతోంది. ఇక్కడి ఉస్తాద్ ఒకాయన ప్లగ్గు విప్పి చూపించాడు. లోపల ఒక పిన్ను ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. గీకి, తుడిచి, చివర బిగించి పంపాడు. ఆ బండి సాయంత్రానికి మళ్లీ మడిలో దిగింది.

ఆ నీళ్లు లోపలికి ఎట్లా పోయాయి? కరిగట నుంచి బయటికొచ్చిన బండి వెనుక హౌసింగు వేడిగా ఉంటుంది. వెంటనే వాటర్ సర్వీసింగుకు తోలి, చల్లని నీళ్లు జెట్‌తో కొట్టిస్తాం. లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి బయటినుంచి పీలుస్తుంది. హౌసింగు మీద గాలి పోయే చిన్న బ్రీదర్ ఉంటుంది, అది తెరిచి ఉంటే గాలినే పీలుస్తుంది. కేజీవీల్స్ ఎగజిమ్మిన మట్టితో అది మూసుకుపోతే సీళ్ల సందుల్లోంచి, సెన్సార్ పక్కనుంచి నీళ్లు లాగుతుంది. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబడిందంటే నీళ్లు కలిసినట్టే. ఏళ్ల తరబడి బ్రీదర్ ముఖం చూడని బండ్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. నీళ్లలో తిరిగే జీపుల వాళ్లు బ్రీదర్‌కు రబ్బరు గొట్టం తొడిగి పైకి కట్టుకుంటారు. మనకు అంత అవసరం లేదు, దమ్ము రోజుల్లో వారానికోసారి మట్టి తీసేస్తే చాలు. బండి కడిగే ముందు కాసేపు చల్లారనివ్వండి. మట్టి ఎండకముందే మామూలు పైపుతో కడగండి. జెట్ కొట్టినా ప్లగ్గుల మీద, సెన్సార్ మొదట్లో కొట్టొద్దు.

ప్లగ్గు లోపల రబ్బరు వాషరు ఉంటుంది, పైన కొక్కెం ఉంటుంది. వాషరు పోయినా, కొక్కెం విరిగినా పైన టేపు చుడితే సరిపోదు. టేపు నీళ్లను ఆపడానికి బదులు పట్టి ఉంచుతుంది. వైరు పట్టి గుంజకుండా కొక్కెం నొక్కి విప్పాలి. లోపల పూయడానికి కరెంటు కనెక్షన్ల కోసమే చేసిన గ్రీజు దొరుకుతుంది, అది కొంచెం చాలు. చక్రాల గ్రీజు కూరితే పని చెడుతుంది. మరొకటి, కరెంటు వస్తుందా లేదా అని చూడటానికి వైరు తోలులో సూది గుచ్చడం మానాలి. ఆ సూది రంధ్రంలోంచే తడి పోయి, రెండు నెలల తర్వాత లోపలి రాగి పొడైపోతుంది. అప్పుడు తప్పు ఎక్కడుందో ఎవరికీ దొరకదు.

సెన్సార్ రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి కొన లోపలికి నొక్కుకునే స్విచ్చు, రెండోది అయస్కాంతంతో పనిచేసేది. ఈ రెండో రకానికి ఇనుప రజను మీసాల్లా అంటుకుని తప్పుడు కబురు పంపిస్తుంది. ఆయిల్ మార్చినప్పుడల్లా విప్పి గుడ్డతో తుడవాలి. రజను మరీ ఎక్కువ కనిపిస్తే అది సెన్సార్ జబ్బు కాదు, లోపల పళ్లు అరుగుతున్నాయని. దాని కింద ఉన్న వాషరును జాగ్రత్తగా దాచి మళ్లీ అదే వేయాలి. కొన ఎంత లోపలికి పోవాలన్నది ఆ వాషరు మందం మీద ఆధారపడి ఉంటుంది. ఆయిల్ విషయంలోనూ పుస్తకంలో రాసిందే పోయాలి. బ్రేకులు ఆయిల్‌లో మునిగి ఉండే బండిలో డబ్బాలో మిగిలిన ఇంజిన్ ఆయిల్ పోయొద్దు.

వైరు కట్ట నాగలి గొలుసులకు, లిఫ్టు చేతులకు ఒరుసుకోకుండా దూరంగా కట్టాలి. పని లేని నెలల్లో ఎలుకలు కొరుకుతాయి, కొట్టంలో గడ్డి పక్కన బండి పెట్టొద్దు. బండి మీద వెల్డింగు చేయించేటప్పుడు బ్యాటరీ వైరు విప్పి, ఎర్త్ క్లిప్పు వెల్డింగు చేసే చోటుకు దగ్గరగా పెట్టించండి. ఆ కరెంటు చుట్టుతిరిగి కంప్యూటర్ గుండా పోతే సెన్సార్ కాదు, పెట్టె మొత్తం పోతుంది.

దీపం తప్పు చూపించగానే కొత్త సెన్సార్ కొనకండి. ముందు బ్యాటరీ ఎర్త్ బిగువు, ఫ్యూజు, బ్రేకు స్విచ్చు చూడండి. బ్రేకు స్విచ్చు ఇరుక్కుని ఉంటే బ్రేకు తొక్కి ఉందనుకుని కంప్యూటర్ లాక్ వేయనివ్వదు. దొంగ ఒకరు, దెబ్బలు ఇంకొకరికి.

వాడకం కూడా చెప్పాలి. చక్రం గిర్రున తిరుగుతుండగా లాక్ వేయొద్దు. క్లచ్ తొక్కి, చక్రం ఆగాక వేసి, నేరుగా లాగి, గట్టి నేల రాగానే తీసేయాలి. లాక్ ఉండగా ఒక పక్క బ్రేకుతో బండి తిప్పాలని చూడొద్దు. తీసినా ఊడకపోతే నేరుగా మెల్లగా పోతూ ఎడమ, కుడి బ్రేకులు ఒకటి తర్వాత ఒకటి తేలిగ్గా తాకితే బిగువు వదులుతుంది.

ఇంత చెప్పినా రైతు చేతిలో లేనిది ఒకటుంది. ఏ వైరు ఎక్కడికి పోతుందో చూపే బొమ్మ, తప్పు నంబరు చదివే యంత్రం. అవి కంపెనీ దగ్గరే తాళంలో ఉంటే ఈ బస్తీ ఉస్తాద్ చేతులు కట్టేసినట్టే. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. అది ముందుగా ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ యంత్రాలు ఉన్నాయి. ఆ డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచారు. పోర్టల్ మంచిదే, కానీ పోర్టల్ చట్టం కాదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో రైతు యంత్రాల రిపేరు హక్కుకు చట్టమే చేసింది, అది 2024 జనవరి నుంచి అమల్లో ఉంది. ట్రాక్టర్లు మన జహీరాబాద్‌లోనూ తయారవుతున్నాయి, వైరు బొమ్మ తెలుగులో అచ్చేసి ఇవ్వడం కష్టమేమీ కాదు. అది ఇవ్వాలనీ, విడి భాగాల ధరలు షోరూము గోడ మీద రాయాలనీ, సీజన్లో సామాను ఆలస్యమైతే దున్నడానికి వేరే బండి ఇవ్వాలనీ మన సంఘం అడుగుతోంది.

యంత్రాల పని నేర్చుకోవాలనుకునే యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ ఉంది. పేర్లు ఇస్తే సంఘం దరఖాస్తులు పెడుతుంది.

ఇప్పుడు బయట రెండు బండ్లు పెట్టాం. ఉస్తాదులు బ్రీదర్, ప్లగ్గు విప్పి చూపిస్తారు, డ్రైవర్ తమ్ముళ్లు ముందుకొచ్చి సొంత చేత్తో విప్పి బిగించండి. మీ బండి పుస్తకం తెచ్చినవాళ్లు పోయేముందు దాన్ని ఆఫీసు కుర్రాడికి చూపించండి, వైర్ల బొమ్మ ఉన్న పేజీ జిరాక్స్ తీసి ఒక కాపీ ఈ షెడ్లలో ఉంచుతాం.