తండ్రిగారి పేర కౌజు వేట

(ముద్ఖేడ్‌లో మన సంఘము వారి వారపు కూటమియందు చదివిన ప్రసంగ పాఠము)



మా తండ్రిగారు గతించి సంవత్సరము నిండినది. సంవత్సరీకము నాటి తెల్లవారుజామున మా అన్నదమ్ములము మువ్వురము వేటకు పోయితిమన్న వార్త ఈ ఊర రెండు విధములుగా పాకినది. ఆచారము విడిచితిమని కొందఱు, చట్టము తప్పితిమని కొందఱు అనుకొన్నారు. జరిగినది మనవారి యెదుట చెప్పుకొనుట మేలని తోచి, మా మువ్వురి మాటగా ఈ నాలుగు ముక్కలు వ్రాసి తెచ్చితిమి.

మా తండ్రిగారిని మేము బాపు అని పిలిచెడివారము. సేద్యపు పనులు తెమలిన దినములలో వారికి కౌజు వేటయే లోకము. కౌజు పిట్ట పెద్దలెఱుగని పక్షి కాదు. తూకము పావు కిలోకు కొంచెము హెచ్చు. ఎగురుటకంటె పరుగెత్తుటకే ఇష్టపడును. రాత్రి ముండ్ల చెట్ల తక్కువ కొమ్మలపై నిద్రించును. తెల్లవారగనే మగపక్షి గొంతెత్తి కూయును. ఆ కూత విన్న మఱియొక మగపక్షి, తన పొలిమేరలోనికి ఎవడో వచ్చినాడని కాలు దువ్వుచు వచ్చును. వేటగాని విద్యయంతయు ఆ పౌరుషము మీదనే ఆధారపడియున్నది. పెంపుడు మగపక్షిని పంజరములో పెట్టి పొదల నడుమ నుంచెదరు. దానిని దీమము అందురు. చుట్టును ఉచ్చులు పన్ని దూరముగ కూర్చుందురు. బాపు తమ దీమమునకు చెదపుట్టలు త్రవ్వి చెదలు తెచ్చి పెట్టెడివారు. మా పాలలో నీళ్లు కలిసినను కలియవచ్చునుగాని, దాని చెదలకు మాత్రము లోటు రాకూడదు! అంతేకాదు, దీమము మొండికేసిన నాడు తామే నోటితో కూసెడివారు. ఆ కూతకు అడవి కౌజులు మోసపోవుట మేము కన్నులార చూచితిమి.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. లైసెన్సుతో సాగనిచ్చిన వేటను గూడ 1991లో మాన్పిరి. నేడు కౌజును పట్టుట, పంజరమున నుంచుట, మాంసము కొనుట అన్నియు నేరములే. బాపు ఆ చట్టమునకు వెంటనే లోబడలేదని ఒప్పుకొనవలెను. కొన్నియేండ్లు చాటుగా వేట సాగినది. తరువాత ఒకనాడు ఏమి తోచినదో, దీమమును పెరటిలోనికి తెచ్చి పంజరము తలుపు తీసిరి. అది బయటికి వచ్చి, నాలుగడుగులు వేసి, మరల పంజరములోనికే పోయినది. మూడు దినములట్లే జరిగినది. నాలుగవ నాడు పిల్లి ఎత్తుకొని పోయినది. బాపు ఆ పంజరమును పొయ్యిలో పెట్టిరి. ఆ పిట్ట ప్రస్తావన మరెన్నడును తేలేదు, మమ్ము తేనీయలేదు.

ఇట్టి మనిషి సంవత్సరీకమునకు ఏమి చేయవలెనన్నది మా యింట పెద్ద చర్చయైనది. దగ్గఱి బంధువొకరు, పెద్దలకు పెట్టునాడు వారికి ప్రియమైన వంటకము విస్తరిలో ఉండవలెను గనుక, ఎవరికిని తెలియకుండ రెండు కౌజులు తెప్పింతమనిరి. అమెరికాలో ఉద్యోగము చేయు మా మేనల్లుడు ఫోనులో వేఱొక సంగతి చెప్పినాడు. అతని తోటి ఉద్యోగి ఏటేట వసంతమున గతించిన తండ్రి పేర అడవి టర్కీ కోడి వేటకు పోవునట. పెట్టకోడి కూతను అనుకరించి పుంజును రప్పించుట అచటి పద్ధతి. వినగనే బాపు గుర్తుకు వచ్చిరి! అయితే ఆ దేశపు కథ వేఱు. ఇరువదవ శతాబ్దపు ఆరంభమునకు అచ్చట ఆ కోడి చాలచోట్ల మాసిపోయినది. 1937లో తుపాకులు తూటాలపై వచ్చు పన్నును వన్యప్రాణుల రక్షణకు కేటాయించుచు చట్టము చేసిరి. అడవి కోళ్లను పట్టి, అవి లేని తావులకు తరలించి సంతతిని పెంచిరి. వేటగాని రొక్కము పక్షికి తోడ్పడినది గనుక, అతడు తండ్రి పేర తుపాకి ఎత్తినను తప్పుపట్టువారు లేరు. మనకు ఆ దారి లేదు.

పురోహితులవారు ఒక మాట చెప్పిరి. యాజ్ఞవల్క్యుడు గురువునకు తిరిగి ఇచ్చివేసిన వేదమును తోటి శిష్యులు తిత్తిరి పక్షులై గ్రహించిరని పురాణ కథ. తిత్తిరి యనగా కౌజు జాతి పక్షియే. తండ్రిని దైవముగ చూడుమన్న ఆజ్ఞ ఆ పక్షి పేర వెలసిన తైత్తిరీయోపనిషత్తులోనే యున్నదట. మా బంధువుగారు, అట్లయిన తినుట మఱియు పుణ్యమేమో అనిరి. మేము ఒప్పుకొనలేదు. వారు నొచ్చుకొని ఆ దినమున భోజనమునకు రాలేదు. ఆ బాధ నేటికిని ఉన్నది.

తుదకు ఉచ్చు లేదు, దీమము లేదు, వట్టి చేతులతో పోవుటకు నిశ్చయించుకొని, పిల్లలను వెంటబెట్టుకొని నాలుగున్నరకు బయలుదేరితిమి. భోకర్ వైపు రైలుకట్ట దాటిన తరువాత, తుమ్మలును రేగుపొదలును గల బీడు ప్రక్క కంది చేను. బాపు కూర్చుండు గట్టు అదియే. దారిలో పిల్లలకు ఆయన మాటలు చెప్పుచు పోయితిమి: కౌజు, కక్కెర, పూరేడు, ఉచ్చు, దీమము. వారికి తిత్తర్ తెలియును, కౌజు తెలియదు. తప్పు వారిది కాదు. 1956లో ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రము నుండి బొంబాయి రాష్ట్రమున చేరినది, 1960 నుండి మహారాష్ట్రమున నున్నది. పిల్లల చదువు మరాఠీలో సాగుచున్నది. ఇంటి తెలుగు వంటయింటి వఱకు నిలిచినదిగాని, బీడులోని తెలుగు బాపుతోనే ఆగినది.

వెలుగు రేకలు వచ్చినంతనే పెద్దన్నగారు నోటికి చేతులడ్డము పెట్టి బాపు వలె కూసిరి. మొదటి సారి గొంతు పగిలినది, పిల్లలు నవ్విరి. రెండవ సారి కుదిరినది. అన్ని యేండ్ల తరువాత ఆ గొంతు మా చెవిని పడినప్పుడు మాలో నెవ్వరును ఒకరి ముఖము నొకరు చూచుకొనలేదు. రేగుపొదల నుండి జవాబు వచ్చినది. మఱల కూయుమని పిల్లలు పట్టుబట్టిరి, అన్నగారు కూయలేదు. మాటిమాటికి పిలిచినచో అది మేత మాని, జోడును విడిచి, లేని శత్రువును వెదకుచు తిరుగును. నేడు ఫోనులో కూతలు పెట్టి పక్షులను రప్పించువారు ఈ సంగతి గ్రహించిన బాగుండును.

ఐనను అది వచ్చినది. గట్టు మీదికెక్కి, మెడ నిక్కించి ఇటునటు చూచినది. మా చిన్నవాని కూతురు మరాఠీలో ఏమో అడుగబోయి ఆగి, "కౌజు" అని మెల్లగ పలికినది. పక్షి మూడు మారులు కూసి, ఎదిరి కానరాక, కంది చేనిలోనికి నడచి పోయినది.

ఏడు గంటలకు ఇల్లు చేరి పెద్దలకు పెట్టు పనిలో పడితిమి. బాపు విస్తరిలో నాడు వడ్డించినవి జొన్నరొట్టె, పప్పు, వంకాయ కూర.